గేఖానాలో మేము

ఇలాంటి పుస్తకాల్లో మేము అంటే ముస్లింలం అని అర్థం. బాబ్రీ మసీదు కూలిన 1992 తర్వాత మా అన్నలూ ఆపాలూ తెలుగులో ఆ మాటని గట్టిగా పలికారు. మమ్మల్ని వాళ్లు, వీళ్లు అనే లోకానికి మేమెవరమో మేమే చెప్పుకుంటామన్నారు. ఆ మాట పట్టుకునే మేమూ రాయడం నేర్చుకున్నాం.

ఈ వ్యాసంలో మేము అన్నప్పుడల్లా ఆ అర్థం ఉంది. ఇంకో అర్థం కూడా ఉంది. మేమంటే ఇద్దరం. ఇద్దరం మగవాళ్లం, ఇద్దరం ముస్లింలం, హైదరాబాదు వాళ్లం. ఒకరిది పత్రికలో ఉద్యోగం, ఒకరిది పిల్లలకి లెక్కలు చెప్పే పని. 2009 నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాం. అద్దె ఇల్లు అడిగినప్పుడల్లా ఖాలా కొడుకులమని చెప్తాం. ఊళ్లో చాలామంది ముస్లింలని ఇల్లు ఇవ్వరు. మావాళ్లేమో పెళ్లికాని మగవాళ్లకి ఇవ్వరు. ఖాలా కొడుకులం, ఊరి నుంచి వచ్చాం అంటే ఎవరో ఒక పెద్దాయన మనసు కరిగి పై పోర్షను తాళంచెవి చేతిలో పెడతాడు.

తెలుగు పత్రికలు మాలాంటివాళ్లని చాలాకాలం స్వలింగ సంపర్కులు అని రాశాయి. సంపర్కం అనే మాటలో ఒళ్లు తప్ప ఇంకేమీ వినపడదు. మా ఇంట్లో నెలాఖరున సరుకుల చీటీ రాయడం ఉంది, అమ్మీ బీపీ మాత్రలు కొరియర్ చేయడం ఉంది, ఫజర్‌కి లేపడం ఉంది, లేవకపోతే కసురుకోవడం ఉంది. దీన్నంతా ఏమనాలో మాకు తెలుగులో దొరకలేదు. ఉర్దూలోనూ దొరకలేదు. అందుకే లోకమంతా అంటున్న గే అనే మాటే వాడుతున్నాం.

2019 ఏప్రిల్‌లో, రంజాన్ ఇంకా పది రోజులుందనగా, సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లాం. ఏళ్ల తరబడి చిట్టీ కట్టి దాచిన డబ్బు. మ్యూజియంలు చూద్దామని, కూలిన గోడ ముక్కలు చూద్దామని వెళ్లాం. చూశాం కూడా. కానీ తిరిగొచ్చాక మేం మాట్లాడుకున్నది వాటి గురించి కాదు. ఒక క్లబ్బులో నెలకోసారి జరిగే ఒక రాత్రి గురించి. దాని మీద మనసు పడ్డాం. నలభైల్లో పడ్డాక మనిషి మీదే మనసు పడటం కష్టమంటారు. మేం ఇద్దరం కలిసి ఒక రాత్రి మీద పడ్డాం.

హలాల్ భోజనం వెతుక్కుంటూ క్రాయిట్స్‌బర్గ్ అనే పేటకి వెళ్లాం. కొట్‌బుసర్ టోర్ అనే స్టేషన్లో దిగితే ఎటు చూసినా తుర్కీ దుకాణాలు. కబాబు పొయ్యిలు, బంగారం కొట్లు, పెళ్లి గౌన్ల షాపులు, కాలువ గట్టున మంగళ, శుక్రవారాల్లో సంత. ఒక్క క్షణం మదీనా సర్కిల్ దగ్గర నిలబడ్డట్టు అనిపించింది. మా ఊళ్లల్లో మమ్మల్ని తురకోళ్లు అంటారు. తిట్టేవాళ్లూ అంటారు, మామూలుగా మాట్లాడేవాళ్లూ అంటారు. ఏడు తరాలు వెనక్కి వెళ్లినా మా ఇళ్లల్లో ఒక్క తురక కూడా ఉండడు. అసలు తురకలని మేం చూసింది అక్కడే. వాళ్ల కథ వింటే మాత్రం మా కథలాగే ఉంది.

1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ, టర్కీ ఒక ఒప్పందం చేసుకున్నాయి. జర్మన్ ఫ్యాక్టరీలకి కూలీలు కావాలి. వచ్చినవాళ్లకి పెట్టిన పేరు అతిథి కార్మికులు. అతిథి అంటే పని చూసుకుని వెళ్లిపోవాల్సినవాడనే కదా. 1973లో కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు. అప్పటికే వచ్చినవాళ్లలో చాలామంది వెళ్లలేదు, భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు. బెర్లిన్‌లో వాళ్లకి దొరికిన ఇళ్లు గోడని ఆనుకుని ఉన్న ఈ క్రాయిట్స్‌బర్గ్‌లో. పాతబడ్డ కొంపలు, తక్కువ అద్దెలు, మిగతావాళ్లు వద్దనుకున్న మూల. అదే మూలకి కుర్రకారు, పంక్ సంగీతం వాళ్లు, ఇల్లు లేనివాళ్లు కూడా చేరారు. 1978లో ఒరానియెన్ వీధిలో ఎస్ఓ 36 అనే క్లబ్బు తెరిచారు. ఆ పేటకి పాత పోస్టల్ నంబరు అది. ఆగ్నేయం 36 అని అర్థం.

ఆ క్లబ్బు గోడ మీద ఒక పోస్టరు చూశాం. గేహానె అని ఉంది. మాలో లెక్కల మాస్టారు గుమ్మం ముందే ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టాడు. "ఏందీ?" అంటే, "ఖానా మియా, ఖానా" అన్నాడు. తుర్కీలో మేహానె అంటే మన మైఖానా, సారాయి కొట్టు. తుర్కీ హానె, మన ఖానా ఒకటే, ఫార్సీ నుంచి ఇద్దరికీ వచ్చింది. ఇల్లు అని అర్థం. దవాఖానా, కార్ఖానా, గుసల్‌ఖానా అని తెలంగాణలో హిందువులూ ముస్లింలూ అందరూ రోజూ అనే మాటే. మేహానెలో మే తీసేసి గే పెట్టారు. అంటే గేఖానా. బెర్లిన్‌లో జర్మన్లకి విడమరిచి చెప్పాల్సిన ఆ చమత్కారం మాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. పరాయి దేశంలో మా కోసం తెలుగులో బోర్డు కట్టినట్టు అనిపించింది.

ఆ రాత్రిని 1997లో మొదలుపెట్టింది ఫాత్మా సూఆద్ అనే కళాకారిణి. మగవాడిగా పుట్టి, ఆడవేషం కట్టి, నాట్యం చేస్తూ, జనాన్ని నవ్విస్తూ పేరు తెచ్చుకున్న మనిషి. ఇపెక్ అనే డీజే అక్కడ పాటలు పెట్టి పేరు పొందింది. ఆమె కూడా తుర్కీ మూలాలున్న లెస్బియన్. ప్రతి నెలా ఆఖరి శనివారం రాత్రి అది జరిగేది. బెర్లిన్‌లో గే క్లబ్బులకి కొదవ లేదు. 1920లలోనే ఆ ఊరికి ఆ పేరుంది. కానీ ఆ క్లబ్బుల్లో దావుల్ మోగదు, జుర్నా పలకదు. అక్కడికి వెళ్లిన తుర్కీ కుర్రాడు తన పాట ఇంట్లో పెట్టి రావాలి. ఇంటికెళ్తే తన ప్రేమని బయట పెట్టి రావాలి. ఈ రెండూ ఒకే గదిలో ఉండాలనుకున్నవాళ్లు కట్టుకున్న ఇల్లు అది.

శనివారం రాత్రి పదకొండు దాటాక వెళ్లాం. గుమ్మం దగ్గర ఫొటోలు తీయొద్దని చెప్పారు. ఎందుకో ఎవరూ వివరించలేదు, మాకు అడగాల్సిన పనీ లేదు. అదే వీధిలో ఎవరి చాచాదో కిరాణా కొట్టు ఉండొచ్చు. లోపల పొడుగాటి చీకటి హాలు. మేం ఆపిల్ రసం తీసుకుని గోడ పక్కన నిలబడ్డాం. చుట్టూ అన్ని వయసులవాళ్లు ఉన్నారు. తుర్కీవాళ్లు, అరబ్బులు, కుర్దులు, జర్మన్లు. అన్న గే అయితే అతనితో పాటు వచ్చిన చెల్లెళ్లున్నారు. నగలు పెట్టుకుని, జరీ అంచు బట్టలు కట్టుకుని, కాటుక దిద్దుకుని వచ్చిన మగవాళ్లున్నారు. మీసం మెలితిప్పిన మగవాళ్లూ ఉన్నారు.

కాసేపటికి దావుల్ మోగింది. మధ్యలో ఖాళీ అయింది. హలాయ్ కట్టారు. అనతోలియా పల్లెల్లో పెళ్లిళ్లకి ఆడే ఆట అది. అందరూ వరసగా నిలబడి ఒకరి చిటికెన వేలు ఒకరు పట్టుకుంటారు. మొదటి మనిషి రుమాలు ఊపుతూ నడిపిస్తాడు. రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి, భుజాలు కలిపి. హైదరాబాదులో మా పెళ్లిళ్లకి మర్ఫా ఉంటుంది. నిజాం కొలువుకి వచ్చిన అరబ్బులూ సిద్దీలూ తెచ్చిన డప్పులు. బారాత్ ముందు మగవాళ్లు మగవాళ్లతోనే ఎగురుతారు. మేమూ ఎన్నో పెళ్లిళ్లలో ఎగిరాం. ఒకరికొకరు దూరంగా, వరసలో ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఎవరో చూస్తారని కాదు. చూసినా ఏమనుకోరు. మా ఊళ్లో మగవాళ్లు చేతులు పట్టుకుని నడిస్తే దోస్తులనుకుంటారు. ఆ అనుకోవడం చాటునే మా సంసారం నడిచింది. అయినా దూరంగానే ఎగిరేవాళ్లం. దగ్గరికొస్తే ముఖం దాచుకోలేం.

వరసలో ఉన్న ఒకాయన మా వైపు వేలు చాపాడు. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసం, మా మామూల్లో ఒకరిలా ఉన్నాడు. వెళ్లాం. ఇద్దరం పక్కపక్కనే. అడుగులు తప్పాం, నేర్పారు. అక్కడ మా ఇద్దర్ని చూసి ఎవరూ దోస్తులనుకోలేదు.

ఆట ఆగాక ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడాడు. "ఎక్కడివాళ్లు?" అన్నాడు. ఇండియా అన్నాం. "ముస్లింలా?" అన్నాడు. అవునన్నాం. తర్వాత ఏమడుగుతాడా అని చూశాం. మా దేశంలో ఆ జవాబు తర్వాత ఒక ప్రశ్నో ఒక మెచ్చుకోలో తప్పకుండా వస్తుంది. తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ అంటారు. మా గే మిత్రుల మధ్య చెబితే, అయ్యో, మీలో ఒప్పుకోరు కదా అంటారు. ఆయన అవేమీ అనలేదు. మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఎన్నేళ్లు?" అన్నాడు. పదేళ్లన్నాం. చేయి గుండె మీద పెట్టుకుని, "మాషా అల్లా" అన్నాడు.

కొత్త జంటని చూసి అనే మాట అది. పసిబిడ్డని చూసి, కట్టిన ఇల్లు చూసి అనే మాట. దిష్టి తగలకూడదని అనే మాట. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. మా ఇద్దర్ని కలిపి చూసి ఎవరైనా ఆ మాట అనడం అదే మొదటిసారి. మేం మనసు పడింది ఆ క్షణంలోనే. నమాజు చదివే ఇల్లూ, ఈ ఇల్లూ ఒక్క మాటలో కలిసిపోయాయి.

అక్కడంతా సుఖమేనని రాస్తే అబద్ధం అవుతుంది. ఆయన వాళ్లక్కకి తెలుసట. అమ్మ పోయేదాకా ఆమెకి మాత్రం చెప్పలేదట. తండ్రి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి నడుం వంగి పోయాడట. ఆయన జుమా నమాజుకి వెళ్తాడు. అక్కడ ఎవరికీ చెప్పడు. మాకూ ఆయనకీ ఉన్న తేడా ఒకటే. ఆయనకి నెలకో రాత్రి ఉంది.

ఆ రాత్రి పెట్టిన పాటల్లో జెకీ మురెన్ పాట ఉంది, బులెంత్ ఎర్సోయ్ పాట ఉంది. ఎవరని మేం అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు పోటీపడి చెప్పారు, తర్వాత మేమూ చదివాం. జెకీ మురెన్ మెరుపుల బట్టలు, ముఖానికి రంగు వేసుకుని పాడిన మగవాడు. దేశమంతా ఆయన్ని కళాసూర్యుడని పిలిచింది. 1996లో టీవీ కార్యక్రమంలోనే కుప్పకూలి చనిపోయాడు. ఆస్తి సైనికుల సంక్షేమానికీ, పిల్లల చదువులకీ రాసిచ్చాడు. బులెంత్ ఎర్సోయ్ 1981లో ఆపరేషన్ చేయించుకుని స్త్రీ అయింది. సైనిక ప్రభుత్వం ఆమెని స్టేజీ ఎక్కనివ్వలేదు. 1988లో నిషేధం తొలగింది, మళ్లీ పాడింది, జనం మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. ముస్లిం సమాజాల్లో మాలాంటివాళ్లు లేరనేవాళ్లు ఈ రెండు పేర్లు గుర్తుంచుకోవాలి. ఉస్మానియా సామ్రాజ్యం 1858లో కొత్త శిక్షాస్మృతి రాసుకున్నప్పుడు అందులో మగవాళ్ల మధ్య ప్రేమ నేరం కాలేదు. రెండేళ్లకి, 1860లో, ఇంగ్లీషువాళ్లు మన శిక్షాస్మృతిలో 377 సెక్షన్ పెట్టారు. అది మన సంస్కృతి అని వాదించినవాళ్లు ఎవరి సంస్కృతిని కాపాడినట్టు? చట్టం లేనంత మాత్రాన టర్కీలో అంతా బాగుందని కాదు. ఇస్తాంబుల్‌లో ప్రైడ్ ఊరేగింపుని 2015 నుంచి ఆపుతూ వచ్చారు.

ఇక రెండో వైపు. 2006లో జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం పౌరసత్వం అడిగే ముస్లింల కోసం 30 ప్రశ్నలు తయారుచేసింది. అందులో ఒకటి: ఎదిగిన మీ కొడుకు వచ్చి తాను గేనని, ఇంకో మగవాడితో కలిసి బతుకుతానని చెబితే మీరేం చేస్తారు? ముస్లిం జవాబు తప్పు చెబుతాడని ముందే లెక్కవేసి అడిగిన ప్రశ్న. అడిగిన దేశం చరిత్ర చూడండి. పశ్చిమ జర్మనీలో 175 సెక్షన్ కింద 1949, 1969ల మధ్య సుమారు 50 వేల మంది మగవాళ్లని శిక్షించారు. హిట్లర్ కాలంలో కఠినం చేసిన రూపంలోనే అన్నాళ్లూ అది అమల్లో ఉంది. పూర్తిగా పోయింది 1994లో. ఇద్దరు మగవాళ్లకి పెళ్లి హక్కు వచ్చింది 2017లో. మరి 2006లో ఆ ప్రశ్న తుర్కీ కూలీని ఏ మొహం పెట్టుకుని అడిగారు? ఆ ప్రశ్నావళిని 2011లో ఎత్తేశారు. 2010లో బెర్లిన్ ప్రైడ్ వాళ్లు అవార్డు ఇస్తామంటే తత్వవేత్త జూడిత్ బట్లర్ అదే వేదిక మీద వద్దన్నారు. నిర్వాహకులు ముస్లిం వలసవాళ్ల మీది ద్వేషాన్ని ఎదిరించడం లేదన్నారు.

ఇది మా సెక్యులర్ మిత్రుల కోసం రాస్తున్నాం. ఈ వ్యాసం చదివి, చూశారా ముస్లింలు వీళ్లని ఎలా ఉంచారో అనాలనిపిస్తే, మమ్మల్ని ఆ ముప్పై ప్రశ్నల కాగితంలా వాడొద్దు. 2009లో ఢిల్లీ హైకోర్టు 377ని తగ్గించి చదివినప్పుడు దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లినవాళ్లలో ఒక హిందూ జ్యోతిష్కుడున్నాడు, చర్చి సంఘాలున్నాయి, ముస్లిం పర్సనల్ లా బోర్డూ ఉంది. దేశంలో ఏ విషయం మీదా కలవని మతాలు మమ్మల్ని నేరస్థులుగా ఉంచడానికి కలిశాయి. 2013లో గెలిచాయి. 2018 సెప్టెంబరు 6న ఓడిపోయాయి. ఆ సాయంత్రం మా ఇంట్లో షీర్ ఖుర్మా చేసుకున్నాం. పక్కింటావిడ ఏం పండుగని అడిగితే ప్రమోషనని చెప్పాం.

ఇక మావాళ్లకి. మా మాట మీకు ఎలా ఉంటుందో మాకు తెలుసు. లూత్ ప్రవక్త కథ మేమూ మక్తబ్‌లోనే చదువుకున్నాం. దాని అర్థం మీద వాదించే ఆలిములం కాము. నమాజు వదల్లేదు, రోజా వదల్లేదు, అల్లా ముందు నిలబడటానికి ఎవరి సిఫారసూ అడగలేదు. మీ ముందు నిలబడటానికే ఇన్నేళ్లు పట్టింది.

ఇప్పుడే చెప్పాలా అంటారు. గుంపులు కొట్టి చంపుతున్న కాలంలో, బుల్డోజర్లు ఇళ్ల మీదికి వస్తున్న కాలంలో కౌమ్‌ని పలచన చేస్తారా అంటారు. మా ఆడవాళ్లు తలాఖ్ గురించి, పరదా గురించి రాసినప్పుడూ ఇదే అన్నారు. దూదేకులవాళ్లు మమ్మల్ని మసీదులో ఒకలా, పెళ్లి సంబంధాల్లో ఒకలా చూస్తారని అన్నప్పుడూ ఇదే అన్నారు. వాళ్లు రాశాక కౌమ్ పలచబడలేదు, ఇంకొంచెం పెద్దదైంది. గుంపు వచ్చి పేరు అడిగితే మేం చెప్పే పేరూ ముస్లిం పేరే. ఆ రాయి మాకూ తగులుతుంది. రాయి తగిలేటప్పుడు మీ లెక్కలో ఉన్నవాళ్లం, దస్తర్ఖాన్ పరిచేటప్పుడు ఎందుకు లేకుండా పోవాలి?

హైదరాబాదులో మాలాంటివాళ్లు కొత్తగా పుట్టలేదు. 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, నిజాం ప్రభుత్వం హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాయాలని చట్టం చేసింది. ఆడబట్టల్లో పాడుతూ కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చని రాసింది. ఇంగ్లీషువాళ్ల 1871 చట్టం చూసి రాసుకున్నదే. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జులైలో కొట్టేసింది. నూరేళ్లు ఉన్న ఆ చట్టం మేం ఇక్కడ ఉన్నామనడానికి సాక్ష్యం. లేనివాళ్ల కోసం ఎవరూ రిజిస్టరు పెట్టరు.

బెర్లిన్‌లో చూసినదాన్ని ఇక్కడికి దిగుమతి చేయాలని మేం అనడం లేదు. అక్కడి దావుల్ అక్కడిది. మా మర్ఫా మాకుంది. దాని ముందు పక్కపక్కన నిలబడటానికి చోటు కావాలి. అది క్లబ్బే కానక్కర్లేదు. ఇల్లయినా చాలు, ఒక పెళ్లయినా చాలు.

వచ్చే నెల ఆపా కూతురి షాదీ ఉంది. కార్డులు వచ్చాయి. ఎప్పటిలాగే మా ఇంటికి రెండు వచ్చాయి. రెండు కవర్ల మీద రెండు పేర్లు, రెండింటి కిందా ఉర్దూలో మయ్ అహ్లో అయాల్ అని రాసి ఉంది. కుటుంబ సమేతంగా అని. ఆపాకి ఫోన్ చేసి ఒక మాట చెప్పాం. "ఇంకో కార్డు ఎవరికైనా పనికొస్తుంది ఆపా, మాకు ఒకటి చాలు." ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, ఇద్దరూ పొద్దున్నే రండి, వంటవాళ్ల దగ్గర నిలబడేవాళ్లు కావాలి" అంది.